తవుడూ, కంటి రెప్పా

మిర్చి ఏరే కాలంలో మోతె చుట్టుపక్కల ఎవరిని కదిలించినా కండ్ల సంగతే. కళ్లాల్లో ఎర్రగా ఆరబోసిన కాయలు, ఖమ్మం మార్కెట్‌కు బస్తాలెత్తే హడావుడి, కాస్త గాలి లేచిందంటే ఘాటంతా మొహం మీదికే. "కండ్లు మండుతున్నయ్, నీళ్లు కారుతున్నయ్" అని ఎవరన్నా అంటే మిర్చి మీదికి నెట్టేసి ఊరుకుంటాం. సగం మందికి అది నిజమే కావచ్చు. కానీ మిర్చి అమ్ముడైపోయి, కళ్లం ఊడ్చి, పైసలు చేతికొచ్చాక కూడా పొద్దున లేవంగనే రెప్పలు అతుక్కునే వాళ్లున్నారు చూశారూ, సాయంత్రానికి కంట్లో ఇసుక పోసినట్టుందని నలుపుకుంటూ కూర్చునే వాళ్లు, ఏడాదికి రెండుసార్లు కంటి కురుపు లేచే వాళ్లు... ఇవాళ వాళ్ల గురించి మాట్లాడుకుందాం.

సూర్యాపేటకో కోదాడకో పోయి చూపించుకుంటే డాక్టర్ లైటు వేసి, రెప్ప తిప్పి చూసి, "కన్ను పొడిబారింది" అంటాడు. పెద్దవాళ్లకు దీంతో ఒళ్లు మండుతుంది. "ధారగా నీళ్లు కారుతుంటే పొడి అంటడేంది? వాని మొహం!" అని దారి పొడుగునా తిట్టుకుంటూ వస్తారు. మోతె దాకా బస్సులో అదే ముచ్చట. నిజానికి డాక్టర్ మాటలో తప్పు లేదు, ఇంకో నిమిషం ఆగి చెప్పలేదు, అంతే. వెనకాల ఇంకో యాభై మంది కూర్చుని ఉంటారు కదా, ఆయన బాధ ఆయనది.

ఆ నిమిషం మనం తీసుకుందాం. కంటి మీద నీరుంటే సరిపోదు. నీటి పైన పల్చని నూనె పొర ఉండాలి. ఎంత పల్చన అంటే మన తలవెంట్రుక మందంలో వెయ్యో వంతు. అది లేకపోతే మోతె ఎండకూ గాలికీ కంటి నీరు క్షణాల్లో ఆవిరైపోతుంది, నల్లగుడ్డు మంటపెడుతుంది. ఆ మంటకు పైనున్న పెద్ద కన్నీటి గ్రంథి గాబరాపడి ఒక్కసారిగా నీళ్లు వదులుతుంది. నూనె లేని ఆ నీళ్లు చెంప మీదికి జారిపోతాయి, కన్ను మళ్లీ పొడిబారుతుంది. అట్లా కారడమూ ఆరడమూ ఒకదాని వెనక ఒకటి.

మరి ఆ నూనె ఎక్కడిది? అద్దం ముందు నిలబడి కింది రెప్పను వేలితో కాస్త కిందికి లాగి చూడండి. వెంట్రుకల వరుసకు కొంచెం లోపలగా, కనుగుడ్డు వైపున్న అంచు మీద సన్నటి చుక్కలు వరుసగా కనిపిస్తాయి. చత్వారం అద్దాలుంటే పెట్టుకోండి, లేకపోతే చిన్నపిల్లల రెప్పలు చూడండి, స్పష్టంగా తెలుస్తాయి. ఆ చుక్కలు నూనె గ్రంథుల నోళ్లు. పై రెప్పలో 25 నుంచి 40 దాకా, కింది రెప్పలో 20 నుంచి 30 దాకా ఉంటాయి. వీటి గురించి 1666లో వివరంగా రాసినవాడు హైన్రిక్ మైబోమ్ అనే జర్మన్ వైద్యుడు. అందుకే డాక్టర్లు వీటిని మైబోమియన్ గ్రంథులంటారు. అంత పాత సంగతే అయినా వీటి జబ్బుకు ఇప్పుడు వాడుతున్న పేరు పెట్టింది 1980లో. మూడు వందల ఏండ్లు రెప్పను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, ఎక్కువమంది చూపు గుడ్డు మీదే.

ఈ గ్రంథులు నూనె ఇచ్చే తీరు కూడా విచిత్రం. చెమట గ్రంథిలోని కణం చెమటను బయటికి వదిలి తాను నిలబడుతుంది. ఇక్కడట్లా కాదు. గ్రంథి లోపల కణం పుడుతుంది, కడుపు నిండా నూనె నింపుకుంటుంది, ఆఖరికి పగిలి తానే నూనెగా మారి కారిపోతుంది. మనం రెప్ప కొట్టినప్పుడల్లా ఆ ఒత్తిడికి కాస్త నూనె ఆ చుక్కల్లోంచి బయటికొస్తుంది. ఫోను చూస్తున్నప్పుడు రెప్ప కొట్టడం బాగా తగ్గిపోతుంది, కొట్టినా సగమే మూస్తాం. రీల్స్ చూసే పిలగాండ్ల కండ్లు ఎందుకు ఎర్రబడతాయో ఇక వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు కథలోకి రావాలంటే మిర్యాలగూడ దాకా పోయిరావాలి. రైస్ మిల్లులకు పేరుపడ్డ ఊరు. మన వైపు వడ్లు చాలామటుకు అక్కడికే చేరతాయి. మిల్లులో బియ్యానికి పాలిష్ పట్టినప్పుడు తవుడు వస్తుంది కదా, పాత రోజుల్లో అది బర్రెలకే. ఇప్పుడు అందులోంచి నూనె తీస్తున్నారు. కిరాణా షాపుల్లో దొరికే రైస్‌బ్రాన్ ఆయిల్ అదే. తవుడులో నూటికి పదిహేను పాళ్లకు అటూ ఇటూగా నూనె ఉంటుంది. మిల్లు వాళ్లను అడిగి చూడండి, పచ్చి తవుడును ఎవరూ వారాల తరబడి దాచరు. పాలిష్ పట్టిన రోజే సాల్వెంట్ ఆయిల్ మిల్లుకు తోలేయాలని చూస్తారు. ఎందుకంత తొందర?

గింజ గింజగా ఉన్నంతకాలం తవుడు పొరల్లో నూనె ఒక పక్కన, దాన్ని విరిచే లైపేజ్ అనే ఎంజైము ఇంకో పక్కన, దేని గదిలో అది ఉంటాయి. మర పట్టగానే గోడలు కూలి రెండూ కలుస్తాయి. ఇక లైపేజ్ ఊరుకోదు. నూనె అణువుల్ని విరిచి, కొవ్వు ఆమ్లాలను విడిగా వదిలేస్తుంది. రోజుకు నూటికి అయిదు నుంచి ఏడు పాళ్ల చొప్పున ఆ విడి ఆమ్లాలు పెరుగుతూ పోతాయి. పది శాతం దాటితే ఆ నూనె శుద్ధి చేసినా గిట్టుబాటు కాదు, సబ్బుల వాళ్లకు పోతుంది. రెండు రోజులు ఆగిన తవుడును పిడికిట్లో పట్టి వాసన చూస్తే ముక్కిన వాసన తెలుస్తుంది, నాలుక మీద వేసుకుంటే చిరుచేదు. బర్రె కూడా కుడితిలో ముట్టె పెట్టి వెనక్కి తీసుకుంటుంది.

ఉప్పుడు బియ్యం తవుడుకు మాత్రం ఈ బాధ లేదు. వడ్లను ఆవిరి మీద ఉడకబెట్టడంతోనే లైపేజ్ చచ్చిపోతుంది. ఆ తవుడులో నూనె ఎక్కువ, నిలవా ఎక్కువ. మిల్లు మేస్త్రీలు ఎంజైము పేరు ఎత్తకపోయినా ఈ సంగతి వాళ్లకు నాకంటే మీకంటే బాగా ఎరుక.

రెప్ప అంచున జరిగేదీ ఇదే, ఎంజైము కుటుంబమూ అదే. అయితే ఇక్కడ లైపేజ్ మన కణాల నుంచి రావడం తక్కువ. రెప్ప అంచు మీద అందరికీ కాపురముండే బ్యాక్టీరియా, ముఖ్యంగా స్టాఫిలోకోకస్ జాతివి, తమ కడుపు కోసం దాన్ని బయటికి వదులుతాయి. ఆరోగ్యంగా ఉన్న రెప్ప మీదా అవి ఉంటాయి. సంఖ్య పెరిగినప్పుడు, రెప్ప అంచున నూనె కదలక నిలిచిపోయినప్పుడు వాటికి పండగ. అవి మన నూనెను విరుస్తాయి, విడి కొవ్వు ఆమ్లాలు మిగులుతాయి. కొన్ని రకాల బ్యాక్టీరియా ఇంకో అడుగు ముందుకేసి నూనెలోని కొలెస్టెరాల్ ఎస్టర్లనూ విరుస్తాయి. రెప్పల వాపుతో బాధపడే వాళ్ల దగ్గర అలాంటివి ఎక్కువగా దొరుకుతాయి.

విడిపోయిన కొవ్వు ఆమ్లం ఏం చేస్తుంది? కన్నీరు కాస్త క్షార గుణం ఉన్నది. క్షారమూ కొవ్వు ఆమ్లమూ కలిస్తే సబ్బు. ఇది ఊరికే అన్న మాట కాదు, కంటి మూలన చూడొచ్చు. రెప్పల జబ్బు ఉన్నవాళ్ల కండ్ల చివర, కింది రెప్ప అంచు వెంబడి సన్నటి తెల్ల నురగ నిలుస్తుంది. మనం దాన్ని పుసి అనుకుని కొంగుతో తుడిచేస్తాం. పుసి జిగటగా పసుప్పచ్చగా సాగుతుంది. నురగ బుడగలు బుడగలుగా ఉండి వేలు తగలగానే పోతుంది, కాసేపటికి మళ్లీ వస్తుంది. కంట్లో మంటకు ఆ నురగలోని ఆమ్లమూ సబ్బూ కూడా ఒక కారణం. ఇక నూనె పొర సంగతి చెప్పేదేముంది, సబ్బు పడ్డచోట నూనె నిలుస్తుందా?

కన్నీటికి తన కాపలా తనకుంది, అది కూడా ఎంజైమే. లైసోజైమ్ అంటారు. బ్యాక్టీరియా గోడను కోసేస్తుంది. దాన్ని 1922లో బయటపెట్టింది అలెగ్జాండర్ ఫ్లెమింగ్, తర్వాత పెన్సిలిన్‌తో పేరు మోసినాయనే. ప్రయోగాలకు కన్నీళ్లు కావాలి కదా, తన కంట్లోనూ తోటివాళ్ల కండ్లల్లోనూ నిమ్మతొక్క పిండించి కన్నీళ్లు పోగుచేశాడు. నవ్వొస్తుంది కానీ మన కళ్లాలకు వచ్చి ఉంటే ఆయనకు ఆ నిమ్మకాయ ఖర్చు కూడా మిగిలేది. ఇబ్బంది ఏమిటంటే, రెప్ప మీద తిష్టవేసిన స్టాఫ్ జాతుల్లో కొన్నిటికి, స్టాఫిలోకోకస్ ఆరియస్‌కైతే మరీను, లైసోజైమ్ అంటే లెక్కే లేదు. వాటి గోడ తీరే వేరు.

ఇంతసేపూ విరిచే ఎంజైముల ముచ్చటే అయింది. నూనెను కట్టేవి కూడా ఎంజైములే. మన వంట నూనెల్లో కొవ్వు ఆమ్లాలు 16, 18 కార్బన్ల పొడవు. రెప్ప నూనెలో 24 నుంచి 30 దాకా పోతాయి. ఒక్కో దఫా రెండు కార్బన్లు అతికిస్తూ అంత పొడవు చేసేవి ఎలోవెల్ అనే కుటుంబం ఎంజైములు. ఎస్‌సీడీ-1 అనేది ఆ గొలుసుల్లో అక్కడక్కడా వంపు పెట్టి గట్టిపడకుండా చూస్తుంది. అవాట్-2 అనేది వాటిని మైనంగా కడుతుంది. అమెరికాలో డల్లస్‌లోని ఇగోర్ బుటోవిచ్ ఏండ్ల తరబడి ఈ ఒక్క నూనె మీదే కూర్చున్నాడు. ఎలుకల్లో ఎస్‌సీడీ-1 పాడైతే ఈ గ్రంథులు ఎండిపోతాయి, కండ్లు సగం మూసుకుని తిరుగుతాయి. అవాట్-2 లేకుండా చేస్తే మైనం తయారుకాక గ్రంథుల నోళ్లు గట్టిపడిన ముద్దతో పూడుకుంటాయి. ఆరోగ్యంగా ఉన్న నూనె ఒంటి వేడికి కాస్త తక్కువలోనే కరిగి ఉంటుంది. పాళ్లు తప్పితే కరిగే వేడి కొన్ని డిగ్రీలు పైకి పోతుంది, అంటే రెప్ప వేడికి అది కరగదు, లోపలే గడ్డకడుతుంది. డాక్టర్ రెప్పను నొక్కినప్పుడు నూనె రావలసిన చోట టూత్‌పేస్టు మాదిరి తెల్లటి తీగ వస్తే సంగతి ముదిరిందని అర్థం. అట్లా పూడుకున్న గ్రంథి ఉబ్బి, నొప్పి లేకుండా రెప్పలో బఠానీ గింజంత గడ్డ కట్టడమే చలాజియాన్. నొప్పితో ఎర్రగా లేచేది మామూలు కురుపు.

వయసు పెరిగితే ఈ గ్రంథులు సన్నబడతాయి. మగ హార్మోన్లు వీటికి బలం, ఆడవాళ్లకు ముట్లు ఆగాక ఈ బాధ ఎక్కువ కావడంలో ఆ హార్మోన్లు తగ్గడానికీ పాత్ర ఉంది. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ గోళీలు మింగే కాలేజీ పిల్లలకు కూడా ఇవి చిక్కిపోతాయి. మొటిమ తగ్గిందని మురిసేలోపు కండ్లు మండుతుంటాయి. గోళీ రాసిన చర్మం డాక్టర్‌కు ఆ మాట చెప్పాలి.

సరే, మందేమిటి? తవుడునైతే ఉడకబెట్టి లైపేజ్‌ను చంపొచ్చు. రెప్పను ఉడకబెట్టలేం కదా. అందుకని డాక్టర్ డాక్సీసైక్లిన్ రాస్తాడు, ఒక్కోసారి అజిత్రోమైసిన్. చీటీ చూసి మెడికల్ షాపులో కుర్రాడు "యాంటీబయాటిక్, అయిదు రోజులు చాలు" అంటాడు. ఇక్కడే అందరూ పొరపడేది. రెప్పల జబ్బుకు డాక్సీసైక్లిన్‌ను తక్కువ మోతాదులో వారాల తరబడి ఇస్తారు, బ్యాక్టీరియాను చంపడం కోసం కాదు. 1991లో డల్లస్‌లో జరిగిన ప్రయోగాల్లో డాక్సీసైక్లిన్ వంశానికే చెందిన టెట్రాసైక్లిన్ కొద్దిగా తగిలిన బ్యాక్టీరియా చావలేదు, లైపేజ్ చేయడం మాత్రం తగ్గించేశాయి. ఆ మందుకు లొంగని రకాలు కూడా! అవి బతికే ఉంటాయి, కంటి నూనె జోలికి రావడం తగ్గుతుంది. దీని వెనక ఇంకో లాభముంది. వాపు వచ్చిన కంట్లో ఎంఎంపీ-9 అనే ఎంజైము పెరిగి కంటి పైపొరను కొరుకుతుంది, డాక్సీసైక్లిన్ దాన్నీ కట్టేస్తుంది. అమెరికాలో 1998 నుంచి చిగుళ్ల జబ్బుకు 20 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ గోళీ ఇస్తున్నారు. ఆ కాస్త మోతాదుకు ఏ క్రిమీ చావదు, చిగురును తినే ఎంజైమును ఆపడమే దాని పని.

ఈ మందుల వంశానికి మూలం తవ్వుతూ పోతే మన భీమవరం తగులుతుంది. అక్కడ 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలకు పెద్దగా ఉన్న రోజుల్లో, డెబ్బై దాటిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త అక్కడే మట్టి నమూనాలు జల్లెడ పడుతూ మిస్సోరీ మట్టిలో బంగారు రంగు బూజు లాంటి సూక్ష్మజీవిని పట్టాడు. దాన్నుంచి వచ్చిందే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్లలో మొదటిది. 1948లో లోకానికి చెప్పారు, ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. డాక్సీసైక్లిన్ ఆ వంశంలో 1967లో మార్కెట్‌కు వచ్చింది. మోతె మెడికల్ షాపు చీటీలో ఆ గోళీ పేరు చదువుకున్నప్పుడు ఆ మాట గుర్తొస్తే మనకే కాస్త గర్వం. గోళీ మింగి వెంటనే పడుకోకండి, గొంతులో ఇరుక్కుని పుండు చేస్తుంది. కడుపుతో ఉన్నవాళ్లు, ఎనిమిదేండ్ల లోపు పిల్లలు దీన్ని వాడకూడదు, పండ్లు రంగు మారతాయి.

గోళీ దాకా పోకముందే మన ఇళ్లల్లో ఒక వైద్యముంది. పిలగాడు కంట్లో నొప్పి అని ఏడ్చుకుంటూ వస్తే అమ్మమ్మ కొంగు చివర ముడిచి, నోటికి ఆనించి, "హా" అని ఊది, ఆ వెచ్చదనం పోకముందే మూసిన రెప్ప మీద అద్దుతుంది. "ఉండు బిడ్డా, నలుపకు, నలుపకు" అంటూనే మళ్లీ ఊదుతుంది. కురుపు లేస్తే చూపుడు వేలిని అరచేతిలో గరగర రుద్ది, చురుక్కుమనేలోపు కురుపు మీద పెడుతుంది. కంటి ఆసుపత్రుల్లో చెప్పే వెచ్చని కాపడం ఇదే మరి. గడ్డకట్టిన నూనెను కరిగించాలి, దారి సరైనదే. ఊపిరి వేడికి, వేలి వేడికి మాత్రం ఓపిక తక్కువ. రెప్ప 40 డిగ్రీల దరిదాపుల్లో అయిదు నుంచి పది నిమిషాలు ఉండాలి. తడిగుడ్డ రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది, మళ్లీ మళ్లీ వేడినీళ్లలో ముంచి పిండుకోవాలి. ముందు మణికట్టు మీద పెట్టి చూసుకోండి, కాలితే రెప్పకూ కాలుతుంది. తర్వాత పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి, వెంట్రుకల వైపు మెల్లగా నిమరాలి. నొక్కి పిసకడం వద్దు. ఆపై శుభ్రమైన తడిగుడ్డతో రెప్ప అంచు తుడిస్తే విడి ఆమ్లాలూ, వాటిని పుట్టించే బ్యాక్టీరియా కొంతా పోతాయి.

ఆముదం మాటేమిటని అడుగుతారు, తెలుసు. నల్లగొండ చెల్క నేలలు ఒకప్పుడు ఆముదానికి పెట్టింది పేరు, మన తాతలు కంటికి ఆముదం చుక్క వేసుకున్నవాళ్లే. 2002లో జపాన్‌లో వాపు లేని పూడుకున్న గ్రంథులకు 2 శాతం ఆముదాన్ని నీటిలో కలిసేలా చేసి చుక్కల మందుగా వాడి చూస్తే బాధ తగ్గింది. అది శుద్ధి చేసి, సూక్ష్మక్రిములు లేకుండా తయారుచేసిన మందు. గానుగ నుంచి తెచ్చి ఇంట్లో సీసాలో ఏడాదిగా ఉన్న ఆముదం వేరు. ఆ ఆముదపు గింజలోనూ లైపేజ్ ఉందని 1890లోనే గ్రీన్ అనే ఇంగ్లిష్ వృక్షశాస్త్రవేత్త చూశాడు, నూనె ఉన్నచోటల్లా దాన్ని విరిచేదీ ఉంటుంది కాబోలు. కాటుక విషయంలో నేను కాస్త మొండి. కండ్లకు అందమే, కాదనను, రెప్ప అంచుకు బయట పెట్టుకోండి. లోపలి అంచుకు రాస్తే సరిగ్గా ఆ చుక్కల నోళ్ల మీదే కూర్చుంటుంది.

చుక్కల మందు విషయంలో మాత్రం ఊళ్లో ఒక ముచ్చట వింటే భయమేస్తుంది. ఎర్రబడ్డ కంటికి ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ చుక్కలు వేసుకుంటే మూడు రోజుల్లో తెల్లబడుతుంది, దాంతో అది ఇంట్లో మందైపోతుంది. నెలల తరబడి వేసుకుంటే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది, పొర వస్తుంది. లైపేజ్‌కు గానీ గడ్డకట్టిన నూనెకు గానీ అది మందు కానే కాదు.

ఒక్కటి మాత్రం కబుర్లలో కలిపి మర్చిపోకండి. యాభై దాటినవాళ్లకు ఒకే రెప్పలో, ఒకే చోట గడ్డ మళ్లీ మళ్లీ లేస్తుంటే, తీయించినా తిరిగి వస్తుంటే, అక్కడ రెప్ప వెంట్రుకలు ఊడిపోతుంటే కాపడాలు పెట్టుకుంటూ కూర్చోవద్దు. ఈ నూనె గ్రంథుల్లోనే పుట్టే క్యాన్సర్ ఒకటుంది. పడమటి దేశాల్లో అరుదు, మన దేశంలో రెప్ప క్యాన్సర్లలో దాని వాటా చాలా ఎక్కువ, చలాజియాన్ వేషంలో వచ్చి డాక్టర్లను కూడా బోల్తా కొట్టిస్తుంది. తీసిన ముక్కను పరీక్షకు పంపమని అడగండి. కోదాడలో వీలుకాకపోతే హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, కంటి క్యాన్సర్లకు అక్కడ వేరే విభాగమే ఉంది. సూర్యాపేటలో బస్సెక్కితే పగటిపూటే చేరతారు.